చెయ్యి నాది, చెవులు వాళ్ళవి

నా చిన్నప్పుడు, రేడియోలో మా తెలుగు అరగంట ఆగిపోబోతోందన్న కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పక్కింటి అక్క. అంట్లు తోముతున్న తడి చేతులతోనే వచ్చి గడపలో నిలబడి, "ఉత్తరాలే రావడం లేదంట. వినేవాళ్ళు లేరని వచ్చే నెల నించి ఆపేస్తారంట" అంది. ఆ మాట రేడియోలోనే చెప్పారట. జ్వరంగా ఉండి నేను ఆ పూట వినలేదు.

అప్పుడు మేము అరవదేశపు పట్నంలో, రేవు పక్కనున్న తొండియార్‌పేటలో, ఒకే నడవలోకి పన్నెండు వాకిళ్ళు తెరుచుకునే ఇళ్ళలో ఉండేవాళ్ళం. మగవాళ్ళంతా హార్బరు పనికి పోయేవాళ్ళు. కాలు సరిగా లేదని నన్ను బడికి పంపలేదు. అమ్మ నేర్పిన స్తోత్రాలు, వారానికి రెండు మధ్యాహ్నాలు రేడియోలో వచ్చే ఆ అరగంట, ఇవే నా చదువు. కథ చెప్పేవాళ్ళు, పసిపిల్లల జబ్బుల గురించి డాక్టరమ్మ మాట్లాడేది, ఒక భక్తి పాట వేసి చివర్న శ్రోతల ఉత్తరాలు చదివేవాళ్ళు. వీధిలో వినబడేదంతా అరవమే. తెలుగులో ఇంత పెద్ద విషయాలు మాట్లాడుకోవచ్చని నాకు తెలిసింది ఆ పెట్టె దయవల్లే. అది కూడా పోతే ఇక నాకు చదువన్నదే లేదు. దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాను.

అక్క మాత్రం ఏడవలేదు. మా నడవ మొత్తానికి తెలుగు రాయడం వచ్చింది ఆమె ఒక్కదానికే. ఊళ్ళకి పోయే ఉత్తరాలన్నీ ఆమే రాసిపెట్టేది, మిగతావాళ్ళు వేలిముద్రలతోనే బతికేవాళ్ళు. అందుకే ఆ సాయంత్రం అన్ని ఇళ్ళ పేరునా తనే కార్డులు రాసేసింది. కొన్ని నీలం సిరాతో, కొన్ని నల్ల సిరాతో, అనుమానం రాకూడదని కొన్ని ఎడం చేత్తో.

వాటిలో ఒక్కటీ రేడియోలో చదవలేదు. రెండు వారాలు చూసి, అక్క నన్ను చంకనేసుకుని బస్సెక్కి రేడియో ఆఫీసుకే పోయింది. అక్కడి పెద్దాయన మంచివాడు. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించి, మా కార్డులన్నీ బల్ల మీద పరిచాడు.

"చూడమ్మా, అన్నీ ఒకే చేతి రాత. పైవాళ్ళు దీన్ని ఒక్క మనిషి కింద లెక్క కడతారు."

అక్క ముఖం ఎర్రబడింది. కానీ తల దించలేదు. "చెయ్యి నాదే సార్. చెవులు వాళ్ళవి."

"చెవులు మాకు కనబడవు కదమ్మా, కార్డే కనబడతాది."

"సరి, అట్టయితే చేతులే పంపిస్తా" అని నన్ను ఎత్తుకుని లేచింది. ఆ లేవడం నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది.

మర్నాడు మగవాళ్ళు పనికి పోగానే నడవలో పళ్ళేలు పెట్టించింది. ప్రతి పళ్ళెంలో ఇంట్లో వండుకునే బియ్యమే. పసిపిల్లలకు చేసినట్టే పసుపు బొట్టు పెట్టి, సరస్వతీదేవికి దణ్ణం పెట్టించి, వేలు పట్టి దిద్దించింది. మూడో ఇంటి అవ్వకు డెబ్బై దాటాయి.

"కాటికి పోయే కాలంలో నాకు అక్షరాభ్యాసమేందే?" అంది అవ్వ.

"యముడొచ్చినప్పుడు వేలిముద్ర వేస్తావా అవ్వా, సంతకం పెట్టు."

"పెడతాలే. తొందరగా కానీమ్మే, ఈ బియ్యం ఇంకా వండాల."

అలా పది రోజులు నవ్వులతోనూ తిట్లతోనూ గడిచాయి. ఎవరికి వాళ్ళు కార్డు మీద రెండు మూడు ముక్కలు, కింద తమ పేరు రాయాలి. వంకర్లు పోయినా సరే, ఇంకొకరు దిద్దకూడదన్నది అక్క పెట్టిన నియమం. నేను రాసింది ఇది: "నాకు బడి లేదు. మీరే నా బడి. ఆపకండి." ఆ కార్డు మొత్తం నా చేత్తో రాశాను. ఆ పది రోజుల్లో నేను ఏడవడం మరిచిపోయాను.

నెలాఖరున రేడియోలో అవ్వ కార్డు చదివారు. "నేను ఈడ ఉండాను. వింటా ఉండాను." అంతే. అవ్వ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇంకోసారి చదవమను" అంది. అరగంట ఆగలేదు. రెండు రోజులది ఒక రోజుకు తగ్గించారు. ఆ ఒక్క రోజైనా నిలిపినందుకు అమ్మవారికి కర్పూరం వెలిగించాం.

ఇప్పుడు అదే పట్నంలో, ఇంకో కొసన షోళింగనల్లూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఈ ఊళ్ళో తెలుగు రేడియో ఎవరు వింటారని అపార్ట్‌మెంట్‌లో అడిగేవాళ్ళున్నారు. నేను వింటాను. నా వేళ్ళు ఇప్పుడు వణుకుతాయి, అయినా నెలకొక కార్డు నేనే రాసి పంపుతాను. మనవరాలు టైపు చేసి పంపుతానంటే వద్దంటాను. నేను ఉన్నానని చెప్పే పని ఇంకొకరి చేతికి ఇవ్వకూడదని ఆ రోజుల్లోనే నిశ్చయించుకున్నాను.

పెద్దదాన్నయ్యాక ఒకసారి అక్కను అడిగాను, "అప్పుడు నీ కార్డులో నువ్వేం రాశావు?" అని. తను రాయలేదట. అవ్వ చేత కార్డు రాయించే సరికే పోస్టు వేళ అయిపోయిందట. అందరి చేతులూ పంపిన మనిషి పేరు రేడియోలో ఏనాడూ వినబడలేదు. ఇది చదివిన మీరు, దేవుడికి దీపం పెట్టేటప్పుడో, రేడియో పెట్టేటప్పుడో, తొండియార్‌పేటలోని మా పక్కింటి అక్కను ఒక్కసారి తలుచుకోండి.