మౌలాలీ బాబాయి చుక్క

మౌలాలీ బాబాయి ఏ మాటా రెండోసారి చెప్పడు. చచ్చినా చెప్పడు. ఒక్కసారి చెప్పి, దానికో పేరు పెట్టి, ఆపైన ఆ పేరుతోనే కాలక్షేపం చేస్తాడు. నరసరావుపేటలో ఆయన పనిచేసే గోపీనాథ్ గారి కలర్ ల్యాబులో చేరిన మొదటి రోజే ఝాన్సీలక్ష్మికి ఈ సంగతి తెలిసొచ్చింది. "మంచినీళ్ళు ఎక్కడ బాబాయ్?" అనడిగితే, "పొద్దున చెప్పాగా" అన్నాడు. ఆయన పొద్దున చెప్పే వేళకి ఈ అమ్మాయి ఇంకా బస్సులోనే ఉంది.

ల్యాబు ఎదురుగా ఖాసిం టీ కొట్టు. అల్లం ఎక్కువ, పంచదార సగం, పేపరు కప్పు వద్దు గాజు గ్లాసు, పైన నురగ ఉండకూడదు అని ఎనిమిదేళ్ళ కిందట మౌలాలీ అక్కడ ఒకే ఒక్కసారి చెప్పాడు. ఆ మొత్తానికి 'నాది' అని పేరు పెట్టాడు. అప్పట్నించీ "ఖాసిం, నాది" అంటే చాలు. ఒకరోజు ఖాసిం ఊళ్ళో లేడు, కొట్లో అతని భార్య బీబీ ఉంది.

"బీబీ, నాది."

"నీదేంది అన్నా?"

నాలుగు ముక్కలు చెబితే అయిపోయేది. ఊహూఁ! ఫోన్ తీసి, మాచర్లలో పెళ్ళి భోజనం మధ్యలో ఉన్న ఖాసింకి చేసి, "ఒరేయ్, నాదంటే ఏందో మీ ఇంటావిడకి చెప్పరా" అని ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

ఇంట్లోనూ అంతే. భార్య నజీమాతో ఆయనకో పాత గొడవ ఉంది. చిలకలూరిపేటలో ఆవిడ అన్నగారింట్లో, విస్తరి ముందు నుంచి ఎవరు ముందు లేచారన్న దాని మీద మొదలైంది. అది మొదట్నుంచీ పడాలంటే మూడు గంటలు పట్టేది. 'చిలకలూరిపేట గొడవ' అని పేరు పెట్టాక మూడు సెకన్లలో తేలిపోతోంది. ఆయన పేరు చెబుతాడు, ఆవిడ "సరే" అంటుంది, ఇద్దరూ చెరో గదిలోకి పోయి అలుగుతారు.

కంప్యూటరు దగ్గరా ఇదే వరస. మాచర్ల, గురజాల, వినుకొండ ఫొటోగ్రాఫర్ల దగ్గర్నుంచి ల్యాబుకి వేలకొద్దీ ఫొటోలొస్తాయి. వాటిని సర్దడానికి, కాపీ చెయ్యడానికి, చెరపడానికి కంప్యూటరు చెయ్యాల్సిన పనులన్నీ వరసగా ఓ స్క్రిప్టులో రాసిపెడతాడు బాబాయి. ఫైలు పేరు ముందు ముక్క రాసి, మిగతాదానికి స్టార్ గుర్తు పెడతాడు. దాన్ని చుక్క అంటాడు. 'మాచర్ల-చుక్క' అంటే మాచర్లతో మొదలయ్యే ఫైళ్ళన్నీ, వెనకాల ఏమున్నా సరే. దాన్ని స్క్రిప్టు నెత్తిన ఒక్కసారి రాసి, ఓ పేరు తగిలిస్తాడు. కింద ఎక్కడ కావాలన్నా ఆ పేరే వాడతాడు.

"పైన కొటేషన్లలో పెట్టి రాస్తే చుక్క నిద్రపోతది అమ్మాయ్. కింద దాని పేరుని కొటేషన్లు లేకుండా పిలువు. అప్పుడు లేచి, ఆ క్షణాన ఫోల్డర్లో ఎవరెవరున్నారో చూసి అందర్నీ వెంటబెట్టుకొస్తది."

"కొటేషన్లు పెట్టి పిలిస్తే?"

"పడుకునే వస్తది. ఏం లాభం?"

ఈ చుక్కని ఆయన కూతురి నిఖా పిలుపుల్లో కూడా వాడాడు. 'సత్తెనపల్లి-చుక్క' అని రాసి బావమరిదికిచ్చాడు. ఆయన ఉద్దేశం అక్కడున్న మేనత్తగారి కుటుంబం. బావమరిది సత్తెనపల్లిలో ఎదురుపడ్డ ప్రతి మనిషినీ పిలిచొచ్చాడు. రెండో పంక్తికే బిర్యానీ అడుగంటింది. నజీమా అగ్గిమీద గుగ్గిలమైతే, "తప్పు చుక్కది కాదు, ముందు ముక్క ఇంకొంచెం రాయాల్సింది" అన్నాడు మహానుభావుడు.

ఝాన్సీకి మాత్రం ఇవన్నీ నవ్వుకునే తీరిక లేదు. ఇంతకుముందు ఆమె జిన్నింగు మిల్లులో చేసేది. దూది దుమ్ముకి దగ్గు పట్టుకుని వదల్లేదు. మళ్ళీ అటు పోతే మనిషివి మిగలవన్నాడు డాక్టరు. కిందా మీదా పడి ఆల్బం డిజైనింగు నేర్చుకుని, మూడు నెలల ట్రయల్ మీద ఇక్కడ చేరింది. చూస్తుండగానే ట్రయల్‌కి ఆఖరి రోజు వచ్చేసింది. వినుకొండ హరికృష్ణ గారి కూతురి పెళ్ళి ఆల్బం, ఎనభై పేజీలు, ఆమె చేతిలో ఉంది.

"ఒంటిగంటకల్లా పేజీలు ప్రింటింగుకి దిగాలి. దిగితే ఉద్యోగం పర్మినెంటు. దిగకపోతే నా దగ్గర ఇంకో మాట లేదమ్మా" అన్నారు గోపీనాథ్ గారు.

పదకొండుంపావుకి పేజీలన్నీ అయిపోయినై. రంగులు చూసుకోడానికి చేసిన టెస్టు పేజీలు నాలుగు చెరిపేస్తే సరి. బాబాయి మొదట్లోనే చెప్పాడు: 'టెస్టులు' అని స్క్రిప్టు పైన పేరు రాసుంది, ముందు ఆ పేరుతో జాబితా చూసుకో, అవే అనుకుంటే అదే పేరుతో చెరుపు, చేత్తో కొట్టమాక అని. ఇంత చిన్న పనికి పేర్లేందిలే అనుకుని ఝాన్సీ చేత్తోనే కొట్టింది. 'ఝాన్సీ-వినుకొండ-టెస్టు' దాకా కొట్టి, చుక్కకి ముందు పొరపాటున ఖాళీ వదిలింది. ముందు ముక్క లేని చుక్కకి ఫోల్డర్లో ప్రతి ఫైలూ తనదే. ఎంటర్ నొక్కింది. ఎనభై పేజీలూ పోయినై.

ఫోల్డరు మూసి మళ్ళీ తెరిచింది, ఖాళీ. దగ్గు కూడా రాలేదు పాపం.

"బాబాయ్... అన్నీ పోయినై."

'చెప్పాగా' అంటాడని కళ్ళు మూసుకుంది. ఆయన అనలేదు. కుర్చీ జరుపుకొని తెర చూశాడు.

"పేజీల పేర్లన్నీ నీ పేరుతోనే మొదలవుతయిగా?"

"ఆఁ."

"అయితే ఏం పోలా. ఊరికే ఏడవమాక."

ఇంకో స్క్రిప్టు తెరిచాడు. దాని నెత్తిన నాలుగు వరసలున్నాయి. నాలుగూ 'కొత్తవాళ్ళు' అన్న ఒకే పేరుకి రాసినవే. మొదటిది మౌలాలీ-చుక్క, రెండోది కిరణ్-చుక్క, మూడోది రోహిణి-చుక్క. ఈ మూడింటికీ ముందు కంప్యూటరు చదవకుండా గీతల గుర్తు పెట్టుంది. నాలుగోదానికి గుర్తు లేదు. అది ఝాన్సీ-చుక్క. కింద పని ఒక్కటే: గంటకోసారి ఆ 'కొత్తవాళ్ళ'ని పిలిచి, వచ్చిన ఫైళ్ళన్నీ ఇంకో డిస్కులో కాపీ పెట్టడం. పదకొండింటికి పెట్టిన కాపీలో డెబ్భై ఎనిమిది పేజీలున్నాయి.

"రెండు పేజీలు మళ్ళీ చేసుకో. టైముంది."

"ఇది ఎప్పుడు రాశావు బాబాయ్?"

"నువ్వు చేరిన రోజు పొద్దున."

"అప్పటికి ఈ పేజీలు పుట్టనే లేదుగా!"

"అందుకేగా చుక్క పెట్టింది. నువ్వేం చేస్తావో నాకేం తెలుసు? ఏదో ఒకటి చేస్తావని తెలుసు."

ఇక్కడే పని నేర్చుకుని గురజాలలో సొంత స్టూడియో పెట్టి, తన చేతిలో ఫైలు పోవడమన్నదే లేదని కోతలు కోసే కిరణ్ కుమార్ పేరు చూసి ఝాన్సీ నోరు తెరిచింది. పక్క కుర్చీలో, తనకన్నా ముందు చేరిన రోహిణి తల దించుకుని మౌసు తుడుస్తోంది.

"రోహిణి రెండుసార్లు" అన్నాడు బాబాయి.

"మూడు" అంది రోహిణి, నిజాయితీగా.

గోపీనాథ్ గారికి ఇందులో ఒక్కటీ తెలియదు. "మరి మొదటి వరసలో నీ పేరెందుకుంది?" అంది ఝాన్సీ.

"నా వంతొచ్చినప్పుడు ఇట్టా రాసి పెట్టేవాళ్ళు లేరమ్మాయ్. ఓ పెళ్ళి మొత్తం పోయింది. వారం రోజులు ఇంటింటికీ తిరిగి, చుట్టాల ఫోన్లలో ఉన్న ఫొటోలు అడుక్కొచ్చా. ఆ తర్వాత రాశా ఇది."

ఝాన్సీకి ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. పెడితే ఈయన కంగారుపడి ఇంకేదైనా చెరిపేస్తాడని ఊరుకుంది. "చానా రుణపడిపోయా బాబాయ్" అని మాత్రం పైకే అనేసి, కళ్ళు తుడుచుకుని రెండు పేజీలూ చేసింది. పన్నెండూ యాభైకి ఆల్బం ప్రింటింగుకి దిగింది. సాయంత్రం గోపీనాథ్ గారు పర్మినెంటు కాగితం చేతికిచ్చి, "శ్రద్ధగా చేశావమ్మా, ఒక్క పొరపాటు లేదు" అన్నారు. రోహిణికి పొలమారింది.

ఆయన వెళ్ళాక బాబాయి ఆ స్క్రిప్టు తెరిచాడు. "సోమవారం మహాలక్ష్మని కొత్తమ్మాయి వస్తంది. ఇక నీ పేరుకి గీతలు పెట్టేస్తన్నా."

"వద్దు బాబాయ్! ఇంకో నెల ఉండనీ."

"అయితే నాదీ వెయ్యి" అంది రోహిణి.

బాబాయి మహాలక్ష్మి-చుక్క పక్కన ఝాన్సీ-చుక్క, దాని పక్కన రోహిణి-చుక్క రాశాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, చివర్న మౌలాలీ-చుక్క కూడా రాసుకున్నాడు.