పక్కింటి వైపు తిరిగిన ఎల్బో

ఆ రోజుల్లో నేను మింగేసిన మాట ఒకటుంది. గుడ్డ చిరిగి ఉయ్యాల పడలేదు. ఉయ్యాల పడి గుడ్డ చిరిగింది. ఈ చిన్న తేడాను మా అత్తవారింట్లో ఇన్నేళ్లూ ఎవరికీ తెలియనివ్వలేదు. (చిన్న తేడా అని ఇప్పటికీ రాస్తున్నానంటే నా బుద్ధి ఎంత మారిందో మీరే చూడండి.)

కొత్తగా పెళ్లయి, భవానీపురంలో మేడ మీద వాటా అద్దెకు తీసుకున్న కాలం. ఎవరైనా మేకు కొట్టమంటే ముందు ఉపన్యాసం ఇచ్చి, తర్వాత వంకరగా కొట్టే వయసు. ఏదో పత్రికలో గుడ్డ ఉయ్యాల ఫొటో చూసి, డాబా మీద కట్టడానికి చెట్లు లేవు గనక నీళ్ల పైపులతో స్టాండు చేస్తానని ప్రకటించాను. "వెల్డింగు షాపులో ఇస్తే పోదాండీ?" అంది మా ఆవిడ. వెల్డింగు తెలివి తక్కువవాళ్ల పని అనీ, మరలున్న పైపులకు మూలల్లో వంపు తిరిగే ఎల్బోలు బిగిస్తే చాలనీ వివరించాను. ఆవిడ బజారులో ఉన్నప్పుడు ఫోన్ చేసి, "వచ్చేటప్పుడు రెండు టీలు పట్రా" అన్నాను. కవర్లో కట్టించుకుని వేడివేడిగా తెచ్చింది. పైపులు కలిపే టీలు తెలియవా అని కోప్పడి, ఆ రెండూ నేనే తాగాను.

గుడ్డ మాత్రం మా అత్తవారి ఊరు పెడన నుంచి వచ్చింది. మా మావయ్యగారిది మగ్గం పని, ఆ మగ్గానికి నూలును కండెలకు చుట్టి ఇచ్చేది అత్తయ్యగారు. ఉయ్యాల కోసమని మందంగా ప్రత్యేకంగా నేసి, "ఏనుగు పడుకున్నా చిరగదండీ అల్లుడుగారూ" అని చేతికిచ్చారు.

చివరి ఎల్బో దగ్గర వచ్చింది చిక్కు. బిగువుగా తిప్పితే దాని మూతి పక్కింటివాళ్ల వంటగది వైపు తిరిగి ఆగిపోయింది. ఇక ముందుకు కదలదు. ఉయ్యాల చూడ్డానికొచ్చిన అత్తమామలేమో మెట్లెక్కుతున్నారు. మూతి పైపు వైపు వచ్చేలా దాన్ని అర చుట్టు వెనక్కి తిప్పి, వదులు కనపడకుండా వెండి రంగు పూసేశాను.

మావయ్యగారు చెప్పులు విడిచి, పల్లకీ ఎక్కుతున్నంత గౌరవంగా కూర్చున్నారు. "అబ్బ, హాయిగా ఉందండీ!" ఒక్కో ఊపుకూ ఎల్బో ఇంకాస్త వదులైంది. నేను చూస్తూనే ఉన్నాను. చెబితే నా ఇంజినీరింగు పరువు పోతుంది. ఠంగుమని పైపు ఊడింది, దాని కొస తగిలి గుడ్డ సర్రున చిరిగింది, ఆయన నేల మీద ఉన్నారు. పంచెకు వెండి రంగు తప్ప దెబ్బలేం లేవు. ఆయన ఇంకా లేవకముందే, ఎవరూ అడక్కముందే, "గుడ్డ ఆగలేదు మావయ్యగారూ" అన్నాను.

ఆయన చిరుగు మీద చెయ్యి పెట్టి చూసుకున్నారు. ఆ తర్వాత పండక్కి తువ్వాళ్లు తెచ్చినా, "షాపులో కొన్నవేనండీ, గట్టివే" అని ఇచ్చేవారు. ఏళ్ల తరబడి వాటితోనే ఒళ్లు తుడుచుకున్నాను.

మొన్న పెడన వెళ్లినప్పుడు చెప్పేశాను. ఆయన టీవీ ఆపి అంతా విని, లోపలికి కేకేశారు. "ఇదిగో, విన్నావా? ఆ ఉయ్యాల గుడ్డకు కండెల్లో నాసి నూలు చుట్టావని నిన్నన్నాను గదా, అది కాదంట!"

అత్తయ్యగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "అనడమేనా? ఆ తర్వాత నన్ను కండెలు ముట్టుకోనిచ్చారా? పక్కింటావిడ చేత చుట్టించుకోలేదూ!"

నేను పాడు చేసింది ఒక్క గుడ్డనే అనుకున్నాను ఇన్నాళ్లూ. లేచి నిలబడ్డాను. "తప్పు నాదండీ అత్తయ్యగారూ. మీ నూలు గట్టిదే. ఎల్బో వదులని తెలిసే మావయ్యగారిని కూర్చోబెట్టాను. క్షమించండి."

ఆవిడ మొగుడి వైపు తిరిగారు. "అల్లుడుగారు తప్పు నాదని చెప్పేశారు. మరి మీరెప్పుడు చెబుతారు?"

మావయ్యగారు రిమోట్ కోసం తెగ వెతకసాగారు. అది దిండు కిందే ఉంది. నేను చూపించలేదు.