మీటరు ఎవరి పేరు మీద

ఆ వీధిలో ఆమెను అందరూ పెట్టమ్మ అనే పిలుస్తారు. పెళ్లి చేసుకోలేదు, కన్న పిల్లలు లేరు, అయినా ఏడాది పొడుగునా ఆ ఇంట్లో పిల్లల గోలే. గుడ్లు పొదిగించి కోడిపిల్లలను అమ్మడం ఆమె పని. వెక్కిరింపుగా పిలిచినా పలుకుతుంది, ముద్దుగా పిలిచినా పలుకుతుంది. పిలిచేవాళ్లలో సగం మంది రేపు పిల్లలు కొనడానికి ఆమె గుమ్మం దగ్గరికి రావలసినవాళ్లేనని ఆమెకు తెలుసు.

పొదిగే యంత్రం బజార్లో కొన్నది కాదు, నాన్న చేసిపెట్టింది. ఆయన బతికినన్నాళ్లూ ఫ్రిజ్‌లు బాగుచేశాడు. ఎందుకూ పనికిరాని ఫ్రిజ్ ఒకటి ఇంటికి తెచ్చి, లోపల బల్బులు, చిన్న ఫ్యాను, అడుగున నీళ్ల పళ్లెం, వేడి పెరిగితే బల్బులు తనంతట తానే ఆపేసే మీట అమర్చాడు. చల్లబరచడానికి పుట్టినదాని చేత వెచ్చబెట్టే పని చేయిస్తున్నానని ఆయనకు మహా గర్వం. ఆ మాట వినకుండా ఆ ఇంట్లోంచి బయటపడ్డ చుట్టం లేడు.

ఇంట్లో గుడ్లు ఆమెవి, కరెంటు ఆయనది. బిల్లు ఆయన ఫోనుకు వచ్చేది. కట్టేసి అన్నానికి కూర్చుంటూ, యుద్ధం గెలిచి వచ్చినవాడిలా "కరెంటు కట్టేశాను" అని ప్రకటించేవాడు. కరెంటు పోయినప్పుడు యంత్రాన్ని ఆదుకునే పాత బ్యాటరీలో నీళ్లు పోయడం కూడా ఆయన పనే. ఆమె ఏనాడూ అటు తొంగి చూడలేదు. చూసే అవసరం రానివ్వలేదు ఆయన.

ఆయన పోయాక ఆ ఫోనును ఆమె బీరువా సొరుగులో పెట్టి మూసేసింది. మళ్లీ తెరవడానికి చేతులు రాలేదు.

ఇక ఇల్లు. అన్నాచెల్లెళ్లిద్దరికీ కలిపి ఉన్న ఆస్తి అదొక్కటే. అన్నయ్య స్కూలు వ్యాను నడుపుతాడు, వదినతో పక్క వీధిలో అద్దెకుంటాడు. ఇల్లు ఎవరిదన్న మాట ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే మర్యాద అనుకున్నారు. ఆ మర్యాద ముదిరి ముదిరి, గోడకు సున్నం వేయించాలన్నా ఒకరి మొహం ఒకరు చూసుకునేదాకా వచ్చింది. కరెంటు బిల్లు సంగతి ఆమెకు గుర్తు లేకపోలేదు. అన్నయ్య కడుతున్నాడనుకుంది. అడిగితే ఇంటి మాట ఎత్తినట్టవుతుందేమోనని నోరు కట్టేసుకుంది.

అప్పటికి యంత్రంలో ఉన్నవి నాన్న లేకుండా ఆమె ఒంటరిగా పెట్టిన మొదటి గుడ్లు. మీట తిప్పడం, నీళ్లు చూడడం, గుడ్లను వెలుగుకు పట్టి లోపల ప్రాణం కదులుతోందో లేదో చూడడం, అన్నీ ఒక్కతే చేసుకుంది. ఇవి పిల్లలైతే ఈ పని తన చేతిలో ఉన్నట్టు. లేదంటే ఇన్నాళ్లూ నాన్న చాటున బతికిందన్నమాట. అలా అని ఎవరూ అనలేదు, ఆమే అనుకుంది.

ఆ ఉదయం యంత్రం తలుపుకున్న గాజు కిటికీలోంచి చూస్తే ఒక గుడ్డు మీద చిన్న బీట కనిపించింది. లోపల పిల్ల ముక్కుతో పొడుస్తోంది. ఆమె గుండె ఉప్పొంగింది. ఆ కాసేపటికే ఫ్యాను చప్పుడు ఆగిపోయింది.

పాత బ్యాటరీ ఒక్కసారి కీచుమని అదీ ఊరుకుంది. నీళ్లు పోసే చెయ్యి లేక అదెప్పుడో ఎండిపోయింది. ఆమె వీధిలోకి పరుగెత్తేసరికి లైన్‌మన్ స్తంభం మీద నుంచి నిచ్చెన దిగుతున్నాడు.

"ఏం చేశారు బాబూ?"

"బిల్లులు కట్టలేదమ్మా. ఫోనుకు ఎన్నిసార్లు చెప్పారో చూసుకోండి. పీకేయమన్నారు, పీకేశాను."

అన్నయ్యకు ఫోను చేస్తే, పిల్లలను స్కూల్లో దింపిన వ్యాను అలాగే తోలుకొచ్చాడు, వెనకే వదిన. వస్తూనే యంత్రం దగ్గరికి వెళ్లి తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"తియ్యొద్దు. కరెంటు పోయినప్పుడు తలుపు తీసేవాడంత శత్రువు లేడనేవాడు నాన్న, గుర్తులేదా? ఉన్న వెచ్చదనమంతా పోతుంది."

అన్నయ్య చెయ్యి రుద్దుకుంటూ వెనక్కి తగ్గాడు. వదిన ఇంట్లో ఉన్న బొంతలన్నీ తెచ్చి, గాలి ఆడే కన్నం వదిలి, యంత్రానికి చుట్టబెట్టింది. అన్నయ్య ఫోను తీసి లైన్‌మన్‌తో, "బాకీ ఇప్పుడే కట్టేస్తాను, కలిపేయండి" అన్నాడు.

"కట్టండి. ఆ పెద్దాయన్ని ఒకసారి పిలవండి, కాగితం మీద సంతకం పెట్టించుకుని కలిపేసి పోతాను."

"ఆయన పోయారండీ" అనేశాడు అన్నయ్య.

లైన్‌మన్ నిచ్చెన గోడకు ఆనించాడు. "అయ్యో. మాకెవరూ చెప్పలేదే. అయితే డబ్బు కట్టినా చాలదు బాబూ. ఆఫీసుకెళ్లి పేరు మార్పించుకోవాలి. వాళ్లు ఫోను చేస్తే క్షణంలో వచ్చి కలుపుతా. నా డ్యూటీ దిగిపోతే మాత్రం రేపే."

"నేను చెప్పలేదనుకోండి."

"విన్నాక విననట్టు ఎలా ఉండమంటారు? నా ఉద్యోగం పోతుంది."

మరణ పత్రం ఆ ఫోను ఉన్న సొరుగులోనే ఉంది. మూసేశాక మొదటిసారి ఆమె ఆ సొరుగు తెరిచింది. ఫోను వైపు చూడకుండా పత్రం లాక్కుని, వదినను యంత్రం దగ్గర కూర్చోబెట్టి, వ్యాను ఎక్కింది.

దారిలో ఆమే ముందు బయటపడింది.

"నువ్వు కడుతున్నావనుకున్నాను అన్నయ్యా."

"నేనా? నువ్వు కదా ఆ ఇంట్లో ఉండేది."

"నేను కడితే ఇల్లు నాదేనని జెండా పాతినట్టు అనుకుంటావేమోనని ఊరుకున్నా."

అన్నయ్య ముందు బండిని అక్కర్లేకుండా దాటేసి అప్పుడు అన్నాడు. "నేనూ అందుకే ఊరుకున్నాను. నేను కడితే, రేపో మాపో నిన్ను ఖాళీ చేయమంటానని భయపడతావేమోనని."

ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఇంత ప్రేమ ఒలకబోసి, ఇల్లు చీకటి చేసి పెట్టారు. ఆమెకు అన్నయ్య మీద ఒళ్లు మండింది. తన మీద అంతకన్నా ఎక్కువ మండింది.

"నోరు తెరిచి ఒక్క మాట అడగొచ్చుగా" అంది.

"నువ్వడగొచ్చుగా" అన్నాడు.

ఆఫీసులో గుమాస్తా ముందు వరస కదలడం లేదు. అన్నయ్య మాటిమాటికీ గోడ గడియారం చూస్తున్నాడు. స్కూలు వదిలే వేళకు ఆయన వ్యాను అక్కడ ఉండాలి. అంతలో వదిన ఫోను.

"అమ్మాయ్, లోపలొక పిల్ల అరుస్తోంది. బయటికి రాలేక అరుస్తోందేమో. కాస్త తలుపు తీసి సాయం చేయనా?"

"వద్దు వదినా, నీకు దణ్ణం పెడతా. దాని తిప్పలు దాన్ని పడనీ. నువ్వు తీస్తే మిగతావన్నీ లోపలే ఎండి చస్తాయి."

"వినలేకపోతున్నానమ్మా."

"చెవులు మూసుకో. తలుపు మాత్రం..." అంటుండగానే పెట్టమ్మ ఫోను చార్జింగ్ అయిపోయి ఆరిపోయింది. వదిన చివరి ముక్క విన్నదో లేదో తెలియదు. ఆమె నిప్పుల మీద నిలబడ్డట్టు నిలబడింది.

వాళ్ల వంతు వచ్చింది. గుమాస్తా మరణ పత్రం చూసి, బాకీ కట్టించుకుని, కళ్లద్దాలు సర్దుకుని, కంప్యూటర్ వైపు తిరిగాడు.

"మీటరు ఎవరి పేరు మీద పెట్టమంటారు?"

ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన మాట వచ్చి బల్ల మీద కూర్చుంది. అన్నయ్య నేల చూపులు చూశాడు. ఆయన చెబుతాడేమోనని ఆమె, ఆమె చెబుతుందేమోనని ఆయన. వెనకాల ఎవరో దగ్గారు.

"త్వరగా చెప్పండి. ఒకరి పేరే పెడతాం, రెండోవాళ్లు ఒప్పుకున్నట్టు సంతకం చేయాలి."

ఆమెకు గుడ్డు మీది బీట కళ్ల ముందు కనబడింది. మర్యాదకు టైము లేదు.

"నా పేరు పెట్టండి" అంది. గొంతు ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

అన్నయ్య మొహం ఒక్క క్షణం వాడిపోయింది. ఆమె చూసింది. చూడనట్టు నటించడానికి కూడా ఆ రోజు ఓపిక లేదు. ఆయన కలం తీసుకుని మారుమాట లేకుండా సంతకం చేశాడు. చేశాక మెల్లగా గుమాస్తాను అడిగాడు.

"అంటే ఇల్లు కూడా ఇక..."

"ఇల్లేంటయ్యా? ఇది మీటరు. కరెంటు వాడుకునేదెవరో, బిల్లు పంపాల్సిందెవరికో మాకు కావాలి, అంతే. ఇంటి తగువులు ఇక్కడ చూడం. ఫోను నంబరు చెప్పండి. ఇప్పుడే మోగాలి, అందులోకి ఓటీపీ అంకెలొస్తాయి."

ఆమె ఫోను చచ్చి ఉంది. అన్నయ్య తన నంబరు చెప్పాడు.

ఇంటికి వచ్చేసరికి లైన్‌మన్ స్తంభం మీదే ఉన్నాడు. డ్యూటీ దిగే టైము దాటినా ఆగాడని తర్వాత తెలిసింది. వదిన బొంతల మధ్య, రెండు చేతులూ తలుపుకు ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. చెవుల్లో దూది. తలుపు తీయలేదు. లోపల మాత్రం ఏ చప్పుడూ లేదు.

బల్బులు వెలిగాయి. ఫ్యాను తిరిగింది. అన్నయ్య స్కూలు వేళ మీరిపోతోందని తెలిసీ కదలలేదు. ఆమె గాజు కిటికీకి ముక్కు ఆనించింది. బీట వేసిన గుడ్డు పగిలి ఉంది. దాని పక్కన తడి తడిగా, ఈకలు ఒంటికి అంటుకుపోయి, ఒక పిల్ల పడి ఉంది. కదలడం లేదు. ఆమె ఊపిరి బిగబట్టింది. అందరూ బిగబట్టారు. కాసేపటికి ఆ పిల్ల తల ఎత్తింది, మళ్లీ వాల్చింది, మళ్లీ ఎత్తి కీచుమంది. దాని వెనక ఇంకో గుడ్డులోంచి ఇంకో గొంతు.

"ఇక వెళ్లు అన్నయ్యా. అవతల నీ పిల్లలూ గోల పెడుతుంటారు" అంది. ఆయన కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తాడు.

అన్నీ పిల్లలు కాలేదు. మర్నాటికీ చాలా గుడ్లలో కదలిక లేదు. వాటిని పెరట్లో పూడ్చి ఏడ్చింది. బతికినవాటిని చూసి కూడా ఏడ్చింది. వాటిని అమ్మాక మొదట కొన్నది బ్యాటరీలో పోసే నీళ్లు.

మళ్లీ బిల్లు వచ్చే రోజు వచ్చింది. పేరు ఆమెది, వచ్చేది అన్నయ్య ఫోనుకు. ఆ పొద్దంతా ఆమెకు పని మీద మనసు నిలవలేదు. అడిగితే ఏమనుకుంటాడో అన్న పాత పురుగు మళ్లీ తొలచడం మొదలుపెట్టింది. యంత్రంలో కొత్త గుడ్లున్నాయి. ఫ్యాను చప్పుడు వింటూ కాసేపు కూర్చుని, ఫోను చేసేసింది.

"అన్నయ్యా, కరెంటు బిల్లు వచ్చిందా?"

అవతల ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

"పొద్దున్నే వచ్చింది. నువ్వు అడుగుతావా అడగవా అని ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నాను."

"నేనడగకపోతే?"

"నేనే చేసేవాణ్ణి. నంబరు సగం నొక్కాను కూడా."

"పంపు, కట్టేస్తాను."

పంపాడు. ఆమె కట్టి, మళ్లీ ఫోను చేసింది. ఆయన ఎత్తాక ఏం చెప్పాలో ఆమెకు తెలుసు. ఆ మాట ఆ ఇంట్లో ఎన్నోసార్లు విన్నదే. అయినా నోట్లోంచి రావడానికి కాస్త సమయం పట్టింది.

"కరెంటు కట్టేశాను" అంది.

అవతల అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"సరే. ఇప్పుడు ఇంటి మాట మాట్లాడుకుందాం, ఆదివారం రమ్మంటావా?" అని అడిగాడు.