రత్నమ్మ బర్రెకు మొదటి విడత

వికారాబాద్ కొత్త జిల్లా ఏర్పడిన రెండేళ్ళకు సెప్టెంబరులో నన్ను మర్పల్లి మండలంలోని ఒక పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ ఉంది గానీ దవాఖానకు పెద్ద నేనే. కాపురం తాండూరులో. పొద్దున్నే రైల్లో వికారాబాద్, అక్కడి నుంచి బస్సు. నా కింద ఉన్నది ఒక్క మనిషి, ఆఫీస్ సబార్డినేట్ మల్లయ్య. గొర్లు కాసే ఇంట పుట్టినవాడు. వయసులో నాకంటే చిన్న, పశువుల సంగతిలో నాకంటే పెద్ద. ఈ రెండో మాట అప్పట్లో నేను చచ్చినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

డిసెంబరు ముప్పై ఒకటి, పొద్దున పది గంటలకు పక్క ఊరి నుంచి రత్నమ్మ ఫోన్ చేసింది. బర్రె రాత్రి నుంచి నొప్పులు పడుతోంది, దుడ్డె బయటికి రావడం లేదు. ఆ ఇంటికి పాడి అంటే ఆ ఒక్క బర్రే. "సారూ, జర జల్ది రాండ్రి. అది పోతే నేను పోయినట్టే" అంది. మల్లయ్య బండి మీద ఇద్దరం పోయాం.

చెయ్యి పెట్టి చూస్తే గర్భసంచి మెలికపడి ఉంది. తడిబట్ట పిండినట్టు సంచి మూతి తిరిగిపోతుంది, దుడ్డెకు దారి ఉండదు. దీనికి మందు లేదు, బర్రెను దొర్లించడమే. ముందుకాళ్ళు జతగా, వెనుకకాళ్ళు జతగా తాళ్ళతో కట్టాలి. మెలిక ఏ పక్కకు పడిందో ఆ పక్కకే పడుకోబెట్టాలి. పొట్ట మీద పొడుగాటి చెక్క ఆనించి, దాని మీద బరువైన మనిషిని నిలబెట్టి, తాళ్ళు లాగి మెల్లగా ఆ పక్కకే తిప్పాలి. చెక్క సంచిని కదలనివ్వదు, బర్రె తిరుగుతుంది, మెలిక విడుతుంది. పక్క తప్పితే మెలిక ఇంకా బిగుస్తుంది. కాబట్టి డాక్టరు చెయ్యాల్సిన అసలు పని ఒక్కటే, అది కుడో ఎడమో తేల్చడం.

నేను ఎడమ అన్నాను. నిజం చెప్పాలంటే చెయ్యి బర్రెలో ఉంది గానీ మనసు తాండూరు బేకరీలో ఉంది. సాయంత్రం రైలు దిగి కేకు పట్టుకుని రావాలని ఇంటి నుంచి హుకుం. తోక పట్టుకుని నిలబడ్డ మల్లయ్య మెల్లగా, "సార్, ఇంకొక్కపారి చూడరాదుండ్రి. నాకైతే కుడి పక్కకే ఉన్నట్టు కొడ్తుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. డిగ్రీ నీదా నాదా అని అడిగాను. మీదేనని ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

చెక్క ఆ ఊరి చర్చి నుంచి వచ్చింది, క్రిస్మస్‌కు గోడలకు రంగులు వేసినవాళ్ళది. ఇక బరువైన మనిషి కావాలి. వాకిట్లో చేరినవాళ్ళంతా ఎండుపుల్లలు. అప్పుడే రత్నమ్మను ఓదార్చి ప్రార్థన చేద్దామని పాస్టరయ్య వచ్చాడు. అందరి చూపులూ ఒక్కసారిగా ఆయన పొట్ట మీదికి పోయాయి. పాపం, ఎందుకని కూడా అడగలేదు. చెప్పులు విడిచి, తెల్ల ప్యాంటు పైకి మడిచి, స్తోత్రం అంటూ చెక్క ఎక్కాడు.

ఎడమకు తిప్పాం. మళ్ళీ చెయ్యి పెడితే ఇందాక పోయినంత కూడా పోలేదు. మెలిక బిగిసింది. నాకు భయమేసింది. బర్రె కళ్ళు తేలేస్తోంది, రత్నమ్మ దాని మెడ మీద చెయ్యి వేసి నా మొఖమే చూస్తోంది. మల్లయ్య తాడు పట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. అదే నాకు ఇంకా మంట. నేను గొంతు సవరించుకుని, "ఇది మొదటి విడత. ఇప్పుడు రెండో విడత, కుడి పక్కకు" అన్నాను.

"రెండు విడతలుంటయా సార్?" అని పాస్టరయ్య చెక్క మీంచి శ్రద్ధగా అడిగాడు. ఉంటాయన్నాను.

కుడికి మూడుసార్లు తిప్పాం. అందులో ఒకటి నా పాపం కడగడానికే పోయి ఉంటుంది. మూడోసారి మెలిక విడి, ఉమ్మనీరంతా నా చొక్కా మీదికి వచ్చింది. దాని వెనకే దుడ్డె, ప్రాణంతో. రత్నమ్మ అక్కడే మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చింది. నేనూ మనస్ఫూర్తిగా దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. దేవునికి చెప్పడం సులువు. ఆయన తాడు పట్టుకుని ఎదురుగా నిలబడి మన మొఖం చూడడు. మల్లయ్యకు మాత్రం సామాన్లు సర్దమని చెప్పాను.

మర్నాడు కొత్త సంవత్సరం ఆరాధనలో సాక్ష్యం చెప్తానని, ఇద్దరూ తప్పక రావాలని రత్నమ్మ పిలిచింది. మేం ఏటా తాండూరులో మా చర్చికే పోతాం. ఈసారి అక్కడికి పోదామంటే మా ఆవిడ, "దేవుని కోసమా, మైకు కోసమా?" అంది. నేను నాలుగు మాటలు కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను.

చర్చి కిటకిటలాడుతోంది. మల్లయ్య వెనక తలుపు దగ్గర కూర్చున్నాడు. రత్నమ్మ మైకు తీసుకుంది. ముందు దేవునికి, తర్వాత పాస్టరయ్యకు, తర్వాత పాస్టరయ్య బరువుకు, చెక్క ఇచ్చిన రంగులవాళ్ళకు వందనాలు చెప్పింది. చివర్లో, "పసుల డాక్టర్ సారు గూడ ఉండె" అంది. గూడ ఉండె! నాకు మనసు చివుక్కుమంది.

అసలు దెబ్బ ప్రసంగంలో తగిలింది. పాస్టరయ్య ఆ సంవత్సరపు సందేశమంతా నా మాట మీదే కట్టాడు. దేవుడు మనల్ని ఒక్కసారే బాగుచెయ్యడు, మొదట ఎడమకు తిప్పుతాడు, అప్పుడు బాధ బిగుస్తుంది, అది మొదటి విడత, భయపడొద్దు, తర్వాత కుడికి తిప్పుతాడు, కావాలంటే డాక్టరు గారినే అడగండి అన్నాడు. జనం ఆమేన్ అన్నారు. మొదటి విడత అన్నప్పుడల్లా నేను చాప అల్లిక చూస్తూ కూర్చున్నాను. వెనక మల్లయ్య తువాల నోట్లో కుక్కుకున్నాడు. ఆడవాళ్ళ వైపు అంచున కూర్చున్న మా ఆవిడ నా వైపు వంగి, "నిజంగ రెండు విడతలుంటయా?" అంది. నేను మళ్ళీ చాప వైపు చూశాను. ఆమెకు అర్థమైపోయింది.

తర్వాత నన్ను రెండు మాటలు చెప్పమని పిలిచారు. జేబులో కాగితం తీశాను. ఎదురుగా చూస్తే సగం మంది బర్రెలున్నవాళ్ళే. రేపు ఎవరింట్లో మెలిక పడినా, నేను అందేలోగా వీళ్ళే చెక్క వేసి ముందు ఎడమకు తిప్పుతారు. దేవుని మాటతో పాటు విన్నారాయె, మరిచిపోరు. నా పరువు కోసం బర్రెలు చస్తాయి. కాగితం మళ్ళీ జేబులో పెట్టేశాను.

మొదటి విడత అనేది లేదు, అది నేను చేసిన తప్పు అని చెప్పాను. మెలిక కుడికి ఉంటే ఎడమ అన్నానని, మల్లయ్య మళ్ళీ చూడమన్నా వినలేదని, ఆ దుడ్డె బతికింది మల్లయ్య మాట వల్లనేనని చెప్పాను.

రత్నమ్మ లేచి నిలబడింది. "అంటే నా బర్రెను ఉత్తగనే ఒకపారి దొర్లిచ్చిండ్రా సారూ?"

అవునమ్మా అన్నాను. ముందు ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు లేచింది, తర్వాత అందరూ. పాస్టరయ్య ఒక నిమిషం తన ప్రసంగం కాగితాల వైపు దిగులుగా చూసి, మనిషి తప్పు తిప్పినా దేవుడు సరిగ్గా తిప్పుతాడన్నాడు. ఈసారి ఆమేన్ ఇంకా గట్టిగా వచ్చింది. రత్నమ్మ మైకు అడిగి తీసుకుని సాక్ష్యం మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. దేవుని తర్వాత మల్లయ్య పేరు పెట్టింది. చివర్లో, "డాక్టర్ సారు గూడ ఉండె" అంది.

బయట భోజనాల దగ్గర మల్లయ్య నా పక్కన కూర్చుని, "గంత మందిల చెప్పుడెందుకు సార్? చెవుల చెప్తే సరిపోతుండె కద" అన్నాడు. చెవిలోనూ చెప్పలేదని అప్పుడు తట్టింది. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి చెప్పాను. ఆయన తలాడించి, కూర ఇటు జరపమన్నాడు.

ఆ జనవరి నుంచి మా కేసు రిజిస్టర్‌లో ఒక గడి ఎక్కువ గీశాను. చెక్క వేసేముందు మెలిక ఏ పక్కదో ఇద్దరం చూసి, విడివిడిగా రాయాలి. రిటైరయ్యేలోగా మా మాటలు కలవనిది నాలుగుసార్లు. మూడుసార్లు మల్లయ్యదే సరి. స్తోత్రం పైకి పంపేముందు పక్కనున్న మనిషికి చెప్పాల్సింది చెప్పెయ్యాలని, పక్క తేలకుండా చెక్క వెయ్యకూడదని నేర్చుకున్నాను. నాలుగోసారి నాది సరైనప్పుడు మల్లయ్య అందరి ముందూ, "డాక్టర్ సారు గూడ ఉండె" అన్నాడు.