కాళ్ళ కింది పలక

"అసలు నిన్నెవరడిగారు నాన్నా?"

కొన్నేళ్ళ కిందట ఈ మాట అడిగినప్పుడు రోవేనా తండ్రి అరచేతికి కట్టు కడుతోంది. నర్సు కాబట్టి కట్టు మెత్తగానే కట్టింది. ప్రశ్నను మాత్రం మెత్తబరచలేదు.

తూర్పు దీవుల్లో, పంపంగా జిల్లాలోని ఆ ఊళ్ళో ఆమె తండ్రి, మంగలి దెల్ఫిన్‌ని ఏటా గుడ్ ఫ్రైడే నాడు దిబ్బ మీద సిలువకు కొడతారు. నాటకం కాదు, నిజం మేకులే. చిన్నప్పుడు రోవేనా డెంగీతో చావు అంచుదాకా వెళ్ళింది. బిడ్డ దక్కితే ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ సిలువెక్కుతానని అతను మొక్కుకున్నాడు.

"జ్వరం నాది, మొక్కు నీది," అందామె. "ఏడాదికోసారి నా పేరు చెప్పి చేతులకు చిల్లులు పెట్టించుకుంటావు. నేనెక్కడ దాక్కోవాలి?"

దెల్ఫిన్ రెండో చెయ్యి చాచాడు. మిగతావాళ్ళందరికీ అతని దగ్గర జవాబుంది. కెమెరాలతో వచ్చేవాళ్ళు నొప్పి పుడుతుందా అంటే, "చెయ్యి ఇలా ఇవ్వండి, చూపిస్తా" అంటాడు. ఫాదర్‌ది ఏటా ఒకటే పాట: "క్రీస్తు ఒక్కసారి ఎక్కాడు, అది చాలు దెల్ఫిన్." "ఆయనకు చాలింది ఫాదర్. నా మొక్కు నామీద ఉంది కదా."

నిజం చెప్పాలంటే ఆ సిలువ మనిషిని చంపకుండా కట్టిన సిలువ. మేకులు పొట్టివి, స్పిరిట్లో నానేసినవి. అరచేతి ఎముకల సందున దిగుతాయి. చేతులను గుడ్డతో అడ్డకర్రకు కడతారు. పాదాలకు మేకులుండవు, చిన్న పలక మీద ఆనుతాయి. బరువంతా మోసేది ఆ పలకే. సిలువ చేసేదీ, రోమన్ హెల్మెట్ పెట్టుకుని మేకులు దిగ్గొట్టేదీ దెల్ఫిన్ బావమరిది, వడ్రంగి తెమ్యోంగ్. ఎముకల మధ్య సందు అతనికి తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

పోయిన ఏడాది పలక ఊడింది. అరచేతుల కోసం తెమ్యోంగ్ మెరిసే స్టీలు మేకులు ఏరి తెచ్చాడు. పలకకు మాత్రం పందుల దొడ్డి నుంచి పీకిన తుప్పు మేకులు కొట్టాడు. ఒంట్లోకి దిగేవి శుభ్రంగా ఉంటే చాలనుకున్నాడు. ఆ ఊళ్ళో ఎవరైనా అలాగే అనుకునేవాళ్ళు.

సిలువ లేచింది. ఎప్పటిలాగే దెల్ఫిన్ గొంతెత్తి, క్రీస్తు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో మొదటి మాట అన్నాడు: "తండ్రీ, వీళ్ళను క్షమించు, తామేం చేస్తున్నారో వీళ్ళకు తెలియదు." రెండో మాట రాలేదు. పాదాల కింద ఏమీ లేదు. ఒళ్ళంతా చేతుల మీద వేలాడింది. గాలి లోపలికి పోయింది గానీ బయటికి రాలేదు. వదలాలంటే ఒంటిని పైకి లాక్కోవాలి, లాక్కోవాలంటే మేకుల మీద లాక్కోవాలి. ఒకసారి లాక్కున్నాడు. జనం బాగా చేస్తున్నాడనుకుని చప్పట్లు కొట్టారు. ఊపిరాడట్లేదని రోవేనా ఒక్కతే గుర్తుపట్టింది. జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటి పరుగెత్తి, తండ్రి పాదాల కింద తన భుజాలు పెట్టి, సిలువ దించేదాకా మోసింది.

మన ప్రసంగాలన్నీ రక్తం చుట్టూ తిరుగుతాయి. రోమన్లు సిలువ మీద చంపింది ఎక్కువగా ఊపిరాడనివ్వకుండానే. నొప్పిని భరించడమే గొప్పయితే క్రీస్తు పక్కన సిలువెక్కిన దొంగలిద్దరూ అంతే భరించారు. ఇన్నేళ్ళూ తాను సంతలో చేపలమ్మేవాడిలా అరిచిన ఆ ఏడు మాటల్లో ప్రతి మాటకూ మేకుల మీద ఒక లేవడం ఖర్చయి ఉంటుందని దెల్ఫిన్‌కు అప్పుడు తెలిసింది. అంత కరువు ఊపిరిలో క్రీస్తు మొదటిది తనను కొట్టినవాళ్ళ మీద ఖర్చుపెట్టాడు.

ఇంత తెలిసినవాడు మెత్తబడాలి. దెల్ఫిన్ మెత్తబడలేదు. తెమ్యోంగ్ తెచ్చిన కొబ్బరిపాల తీపి అన్నాన్ని కుక్కకు పెట్టాడు. సిలువెక్కినవాడివి, ఆ మాత్రం క్షమించలేవా అని ఊరంతా పోరింది. "ఆయన క్షమించినవాళ్ళు ఆయన బావమరుదులు కారు," అన్నాడు.

చిక్కు అక్కడే ఉంది. మళ్ళీ ఎక్కితే, హెల్మెట్ పెట్టుకుని కింద నిలబడ్డ తెమ్యోంగ్‌ని చూస్తూ ఆ మొదటి మాట అనాలి. మనసులో లేకుండా అంటే మొక్కు కాస్తా తమాషా అవుతుంది. క్షమించనైనా క్షమించాలి, మొక్కునైనా వదలాలి. క్షమించాలని ఏడాదంతా ప్రయత్నించాడు. మనసు రాలేదు.

గుడ్ ఫ్రైడే వారాన్ని మొదలుపెట్టే మట్టల ఆదివారానికి ముందు తెమ్యోంగ్ షాపుకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"జుట్టు పెరిగింది బావా. హెల్మెట్ పట్టట్లేదు."

దెల్ఫిన్ గుడ్డ కప్పాడు.

"కొత్త పలక వేశా. గట్టి కర్ర. ఎక్కి ఎగిరి చూశా."

"తుప్పు మేకులు ఆగవని తెలుసా నీకు?" దెల్ఫిన్ అతని మెడ దగ్గర కత్తి ఆనించాడు.

"మెల్లగా బావా, కత్తుంది." గుడ్డ కింద తెమ్యోంగ్ చేతులు ముడుచుకున్నాడు. "అనుమానం వచ్చింది. కాసేపే కదా అనుకున్నా."

"అయితే తెలిసే చేశావు. ఆ ప్రార్థన తెలియక చేసినవాళ్ళకిరా. నీకు అందులో చోటు లేదు."

"మేకు కొడితే నొప్పెడుతుందని ఆ సిపాయిలకు తెలీదా బావా?"

కత్తి ఆగింది. ఫాదర్‌కి, కెమెరాలవాళ్ళకి, ఊరికి జవాబులిచ్చినవాడు అద్దంలో బావమరిది ముఖం చూశాడు. వాడన్నదాంట్లో తప్పు దొరకలేదు. దొరకనందుకు మరింత మండింది. మెడ పూర్తిచేసి, పౌడరద్ది, గుడ్డ దులిపాడు.

"ఈ ఏడు నేను ఎక్కట్లేదు. ఊరి పెద్దకు చెప్పు."

"క్షమించినట్టా, లేనట్టా?"

"చెవుల దగ్గర సమంగా ఉందో లేదో చూసుకో."

విషయం తెలిసి రోవేనా వచ్చింది. "మానేశావా? నా కోసమా?"

"కాదు. మీ మావయ్య కోసం."

నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. అన్నం పెట్టింది.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం దెల్ఫిన్ షాపు తలుపులు మూసుకుని ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. చేతికి మేకు లేదు, కాళ్ళ కింద నేల ఉంది, ఊపిరి కావలసినంత ఉంది. "తండ్రీ, వీళ్ళను" అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు.

పోయిన ఏడాది పలకకు కొత్త కర్ర, కొత్త మేకులు కొనమని అతనిచ్చిన ఆరువందల పెసోలు తెమ్యోంగ్ ఇంకా తిరిగి ఇవ్వలేదు.