చెల్లెలి కోసం పెట్టిన ప్రాక్సీ

నా చెల్లెలిని ఆళ్ళగడ్డలో ఇచ్చాం. భర్త కొడతాడని మాకు చాన్నాళ్లు తెలియదు. ఒక మధ్యాహ్నం తనే పక్కింటి టీచరమ్మ ఇంటికి పోయి, ఆమె బటన్ల ఫోన్ నుంచి నాకు చేసి చెప్పింది.

"ఏం చేయాల్నో నెట్లో చూద్దామంటే భయమైతాంది అక్కా. నేను ఏ సైటు తెరిచినా ఆయప్ప ఫోన్లో కనపడ్తాది. వైఫై అట్ల పెట్టుకున్యాడు."

"నేను చూసి చెప్తాలే."

"నేనే సదువుకోవాల. దినామూ ఈ ఇంటికి రానిస్తాడా?"

నేను నంద్యాలలో ఇంటి నుంచే ఒక కంపెనీకి వెబ్‌సైట్లలో తప్పులు వెతికి పెడతాను. సర్వర్లు పెట్టడం రాదు. అయినా ఒకటి అద్దెకు తీసుకుని, అనామక వెబ్ ప్రాక్సీ పెట్టడానికి కూర్చున్నాను. చెల్లెలు దాని చిరునామా ఒక్కటే తెరుస్తుంది. ఆమె అడిగిన పేజీలను అదే తెచ్చి చూపిస్తుంది. భర్తకు ఆ చిరునామా తప్ప ఇంకేమీ కనబడదు. ఆ ప్రోగ్రామును కంటైనర్‌లో, అంటే కావలసినవన్నీ ఒకే మూటగా కట్టి, నడపాలి.

అది మొదలైన వెంటనే ఆగిపోయేది. సరిచేస్తే ఆగకుండా నడిచింది గానీ పేజీ తెరుచుకోలేదు. పొయ్యి మీద అన్నం మాడింది. అంతలో టీచరమ్మ ఫోన్.

"ఈ పొద్దు చెవి మీద కొట్టినాడు. బేగా చూడమ్మా."

తొందరలో ప్రతి కమాండూ తప్పే కొట్టాను. ఏడుస్తూనే మొదటి నుంచి చదివితే తెలిసింది, కంటైనర్ లోపలి పోర్టును, అంటే రాకపోకల ద్వారాన్ని, సర్వర్ బయటి పోర్టుకు కలపనేలేదు. కలిపాను. పేజీ తెరుచుకుంది. పాస్‌వర్డ్ పెట్టి, ఎవరేం చూశారో రాసిపెట్టకుండా చేసి, రెండూ టీచరమ్మకు అక్షరం అక్షరం చెప్పాను.

చెల్లెలు కొన్నాళ్లు చదివింది. గృహహింస చట్టం, ఆ చట్టం కింద ఫిర్యాదు తీసుకునే నంద్యాల రక్షణ అధికారి, ఏం రాసివ్వాలి, అన్నీ. కానీ రోజూ అదే చిరునామా కనబడేసరికి భర్త దాన్ని తన ఫోన్లో కొట్టి చూశాడు. పాస్‌వర్డ్ అడిగింది.

"ఏందీ ఇది? పాస్‌వర్డ్ చెప్పు," అన్నాడంట. చెప్పలేదు. వాడు చార్జర్ వైరు చేతికి చుట్టుకుంటుంటే చెల్లెలు వెనక తలుపు నుంచి టీచరమ్మ ఇంట్లోకి పరిగెత్తి, అక్కడి నుంచి నాకు ఫోన్ చేసింది.

"ఆడే ఉండు, గడియ పెట్టుకోండి," అని, వాడికి ఏమీ దొరకకుండా కంటైనర్‌ను తీసేసి బస్సెక్కాను. దారంతా ఫోన్ మోగితే ఎత్తడానికి భయం, మోగకపోతే ఇంకా భయం.

నేను పోయేసరికి వాడు టీచరమ్మ గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. ఆమె తలుపు తీసి, చెల్లెలిని నా పక్కకు పంపి, "దోవ ఇయ్యప్పా," అంది. వీధిలో అందరూ చూస్తున్నారు. జరిగాడు.

మరుసటి పొద్దున రక్షణ అధికారి దగ్గరికి పోయాం. ఏం జరిగిందో చెల్లెలే చెప్పింది, నన్ను మాట్లాడనివ్వలేదు. కేసు నడుస్తోంది. మా ఇంట్లోనే ఉంటోంది. ఎవరైనా తలుపు కొడితే ఇప్పటికీ లేచి గోడ పక్కకు పోతుంది.