మా ఆయన వెళ్ళే పబ్బు

పెళ్ళయి దుబాయ్ దగ్గరి అల్ ఐన్ వచ్చిన కొత్తలోనే ఒక పబ్బు మీద నాకు కడుపుమంట మొదలైంది. పాత హోటల్ వెనకవైపు, చీకటిగా, ముదురు చెక్క గోడలతో ఉండేది. మా ఆయన ఖర్జూరం తోటల్లో నీటి పైపులు వేయించే సూపర్‌వైజర్. గురువారం పని ఖలాస్ అనగానే అక్కడికి పోయేవారు. తాగేది ఒక్క గ్లాసే, దాని మీద నాకు కోపం లేదు. ఇంట్లో నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి అక్కడ అందరినీ కడుపుబ్బ నవ్విస్తారని ఆయన స్నేహితుడి భార్య చెప్పింది. నా మంటంతా దానికే.

2020లో అన్నిటితోపాటు పబ్బు కూడా మూతపడింది. ఇక మనిషి నాకు దక్కాడని లోలోపల సంబరపడ్డాను. ఆయన టీవీ ముందు కూర్చుని పల్లీలు వలుచుకునేవారు. పబ్బు స్నేహితులు ఫోన్ చేస్తే మాత్రం బాల్కనీలోకి పోయి పగలబడి నవ్వేవారు. ఏమిటని వెళ్ళి అడిగితే "ఏం లేదులే" అనేవారు.

తర్వాత పబ్బును బాగుచేసి తెరిచారు. శనివారం మధ్యాహ్నాలు కుటుంబాలతో రావచ్చన్నారు. నేనే పట్టుబట్టి వెళ్ళాను. చెక్క గోడలు పోయి అద్దాలొచ్చాయి. తెల్ల కుర్చీలు, కుండీల్లో మొక్కలు, పిల్లలకు రంగు పెన్సిళ్ళు. ఆయనా స్నేహితులూ పందేలు వేసుకుని బాణాలు విసిరే డార్ట్ బోర్డును గాజు పెట్టెలో బిగించి గోడకు తగిలించారు. ఆయన దాని ముందు నిలబడి, "ఆడుకునేదాన్ని బొమ్మ చేసిపెట్టినారే" అన్నారు. నాకు లోపల చల్లగా అనిపించింది.

ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. పాతవాళ్ళలో మిగిలింది యాభై ఏళ్ళ నేపాలీ వెయిట్రెస్ ఒక్కతే. ఆమె అడక్కుండానే నిమ్మకాయ ముక్క వేసిన గ్లాసు ఆయన ముందు పెట్టి, నావైపు తిరిగి హిందీలో, "మిక్సీ కథలో పెళ్ళికూతురు మీరేనా మేడమ్!" అంది.

"ఏం మిక్సీ?"

ఆయన తల దించుకున్నారు. చెప్పింది ఆమే. నన్ను చూడ్డానికి నెల్లూరు వచ్చిన రోజు ఆయన పొరపాటున పక్కింట్లోకి పోయారట. వాళ్ళు రిపేరు మనిషనుకుని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, చెడిపోయిన మిక్సీ తెచ్చి ముందు పెట్టారట.

"అమ్మాయిని చూపిస్తారనుకుంటే మిక్సీ చూపించారు మేడమ్!"

పక్క బల్లవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఆరోజు టైరు పంక్చరై ఆలస్యమైందన్న మాటను పదకొండేళ్ళుగా నమ్ముతున్నదాన్ని.

కారెక్కాక అడిగాను. "నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడన్నా కూర్చోని అడిగినావా? వాళ్ళు అడిగేవాళ్ళు."



ఆ తర్వాత ఆయన అక్కడికి పోవడం తగ్గించేశారు. "అది మా పబ్బు కాదు, అద్దాల హోటల్" అనేవారు. సాయంత్రాలు ఇంట్లోనే. నేను పక్కన చేరి పాత సంగతులు అడిగేదాన్ని. చెప్పేవారు గానీ, పరీక్షలో జవాబుల్లా ఉండేవి.

పోయిన ఏడాది ఆ వెయిట్రెస్ ఉద్యోగం మానేసి స్వదేశం వెళ్ళిపోతోందని తెలిసింది. ఆమెకొక శాలువా కొనమన్నారు. దుకాణంలో మంచి ఎరుపుంది, చిలకాకుపచ్చ ఉంది. నేను కావాలనే వెలిసిపోయినట్టుండే బూడిదరంగు తీశాను. పబ్బుకు వెళ్ళి ఇస్తే, ఆమె దాన్ని యూనిఫాం మీదే కప్పుకుని, ఆ పూటంతా బల్లల మధ్య తిరిగింది.

"మంచి రంగు తీసినావే" అన్నారాయన.

సిగ్గేసింది. నిజంగానే ఆ రంగు ఆమెకు నప్పింది. దానికీ కుళ్ళుకున్నాను.